దీపము లేని ఊళ్ళు

వానలు వెనుదీసి, వాగులలో నీరు తేరుకొని, బాటలు ఆరినప్పుడు మనవారికి ప్రయాణముపైకి మనసు పోవుట నేటి సంగతి కాదు. పూర్వము రాజులు దండయాత్రకు విజయదశమినాడు బయలుదేరెడివారు. వర్తకుల ఎడ్లబండ్లు ఆ దినములలోనే కదలెడివి. కాశీకి పోవువారు మూటలు కట్టుకొన్నదియు అప్పుడే. శరత్తు ప్రయాణముల ఋతువు.

ఆ ఋతువే పోయినవారిని తలచుకొను ఋతువు కూడ. అది అడుగిడుటకు ముందునాడు మహాలయ అమావాస్య. పితృదేవతలకు తిలోదకములు విడుతుము. దానిలో రెండవ నెల కార్తీకము. ఆలయముల ధ్వజస్తంభములపై ఆకాశదీపము లేచును. బ్రతికియున్నవారు బాటపట్టుటయు, పోయినవారిని తలచుకొనుటయు మన పంచాంగములో ప్రక్కప్రక్కనే ఉన్నవి.

గడచిన శరత్తులో నేను చేసిన ఒక ప్రయాణములో ఈ రెండును కలిసివచ్చినవి. దయ్యములున్నవని పేరుపడిన మూడు చారిత్రక స్థలములను చూచుటకై ఢిల్లీనుండి రాజస్థానపు ఎడారివరకు, వేయి కిలోమీటర్లకు కొంచెము తక్కువగా, కారులో పోయి వచ్చితిని. ఆ ముచ్చట మీకు చెప్పవలెనని ఈ ప్రసంగము.

ఈ ఆలోచన నాది కాదు, నా మనుమరాలిది. ఆమె ఢిల్లీలో చరిత్ర చదువుకొనుచున్నది. దసరా సెలవులకు నేను వెళ్ళినప్పుడు, "తాతా, నువ్వు దయ్యాలను నమ్ముతావా?" అని అడిగినది. నమ్మనని చెప్పుటకు ధైర్యము చాలలేదు. నమ్ముదునని చెప్పుటకు సిగ్గు అడ్డము వచ్చినది. ముప్పది సంవత్సరములకు పైగా రెవెన్యూ శాఖలో లెక్కలు వ్రాసినవాడను. కంటికి కనపడి, కొలతకు అందిన దానినే కాగితముపై పెట్టవలెనని నేర్చినవాడను. అయినను ఆ ప్రశ్నకు నా నాలుక తడబడుటకు ఒక కారణమున్నది.

మాది అనంతపురము జిల్లాలో ఒక చిన్న పల్లె. ఊరికి పడమట కోసెడు దూరమున ఒక పాటిదిబ్బ ఉన్నది. కూలిన గుడిగోడ ఒకటి, పూడిపోయిన దిగుడుబావి ఒకటి, కాలు మోపినచోటనెల్ల పగిలిన కుండపెంకులు. వేసవిలో రైతులు ఆ దిబ్బను త్రవ్వి, పాటిమన్ను బండ్లకెత్తి పొలములకు తోలుకొనెడివారు. పొద్దు వాలకముందే బండ్లు తిరిగివచ్చెడివి. దీపాలవేళ దాటినచో మా అవ్వ మమ్ము ఆ దిక్కునకు పోనిచ్చెడిది కాదు. "అక్కడ ఆకలి దయ్యాలుంటాయి నాయనా, అన్నం అడుగుతాయి" అనెడిది. ఆమె ప్రతి రాత్రియు తాను తినుటకు ముందు ఒక ముద్ద తీసి పడమటి ప్రహరీగోడపై పెట్టెడిది. కాకులకు కాబోలునని అనుకొనెడివారము. రాత్రివేళ కాకులెక్కడివని అడుగవలెనన్న ఊహ మాకు రాలేదు.

కథలలోని దయ్యములు రక్తమడుగును, ప్రాణమడుగును. మా పాటిదిబ్బ దయ్యములు అన్నమడిగెడివి. ఆ భేదమును నేను డెబ్బది ఏండ్లు వచ్చువరకు పట్టించుకొనలేదు.

మా మొదటి మజిలీ ఢిల్లీలోనే. క్రికెట్ మైదానము ప్రక్కన ఫిరోజ్ షా కోట్లా అను శిథిలమైన కోట ఉన్నది. 1354లో ఫిరోజ్ షా తుగ్లక్ యమునానది ఒడ్డున కట్టించిన ఫిరోజాబాదు నగరమునకు అది రాజదుర్గము. నేడు యమున దూరముగా తొలగిపోయినది, గోడలు కూలినవి, మసీదు సగము నిలిచినది. నడుమ మూడంతస్తుల రాతికట్టడముపై ఒక ఏకశిలాస్తంభము మాత్రము చెక్కుచెదరక మెరయుచున్నది. అది అశోకుని స్తంభము. ఎత్తు సుమారు 13 మీటర్లు. ఇప్పటి హర్యానాలోని తోప్రా అను గ్రామమునుండి సుల్తాను దానిని తెప్పించినాడు. దూది పరుపులపై దానిని మెల్లగా ఒరిగించి, నలుబదిరెండు చక్రముల బండిపై లాగించి, పడవలపై యమునవెంట తెచ్చినారని ఆనాటి చరిత్రకారుడు వ్రాసియున్నాడు.

తెచ్చిన సుల్తానునకు గాని, ఆయన కొలువులోని పండితులకు గాని దానిపై అక్షరములు చదువరాలేదు. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మీలిపిని ఛేదించిన తరువాతనే ఆ రాయి నోరు విప్పినది. అశోకుని ఏడవ స్తంభశాసనము ఈ ఒక్క స్తంభముపై మాత్రమే ఉన్నది. బాటలవెంట మఱ్ఱిచెట్లు నాటించితిననియు, మామిడితోపులు పెంచితిననియు, బావులు త్రవ్వించితిననియు, బాటసారులకు విడిదులు కట్టించితిననియు ఆ చక్రవర్తి అందు చెప్పుకొన్నాడు. ప్రయాణము మొదటిదినముననే నీడను గూర్చి, నీటిని గూర్చి ఒక రాజు మాట వినుట శుభశకునమని అనుకొంటిని. అది శకునము మాత్రమే కాదనియు, మా ప్రయాణమునకంతకును అదియే తాళపుచెవి అనియు తరువాత తెలిసినది.

మేము వెళ్ళినది గురువారము. ఆ కోటలో జిన్నులు నివసించుననియు, గురువారమునాడు అవి మనుష్యుల మొర వినుననియు ప్రజల నమ్మకము. చీకటి గదులలో, గోడల గూళ్ళలో దీపములు, అగరువత్తులు, గులాబీ రేకులు. ఆ పొగనడుమ గోడలకు, ఇనుప కటకటాలకు తగిలించిన కాగితములు. అవి అర్జీలు. రోగము నయముకావలెనని, కోర్టు తగాదా తెమలవలెనని, కొడుకునకు కొలువు దొరకవలెనని, తప్పిపోయిన మనిషి తిరిగిరావలెనని. కొన్నిటికి ఫొటో అంటించియున్నది. కొన్నిటిపై ఇంటి చిరునామా వ్రాసియున్నది. ఒకే అర్జీకి పలు నకళ్ళు తీయించి ఒక్కొక్క గూటిలో ఒక్కొక్కటి ఉంచుచున్నారు. నా మనుమరాలు ఒక పెద్దమనిషిని, "ఇన్ని నకళ్ళు ఎందుకు?" అని అడిగినది. ఆయన నవ్వి, "ఏ గదిలోని జిన్ను వింటుందో తెలియదు కదమ్మా! కచ్చేరీలో మాత్రం ఒక్క కాగితమిచ్చి ఊరుకుంటామా?" అన్నాడు. రెవెన్యూ శాఖలో పనిచేసిన నాకు ఆ మాట సూదివలె తగిలినది.

ఆ ఆచారమును పరిశీలించిన విద్వాంసులు అది పురాతనమైనది కాదనియు, 1977 ప్రాంతమునుండి ప్రబలినదనియు గుర్తించినారు. అంతకుముందు రెండేండ్లు దేశములో అత్యవసర పరిస్థితి. 1976లో తుర్కమాన్ దర్వాజా వద్ద ఇండ్లు కూల్చివేయబడినవి. పాతఢిల్లీ కుటుంబములు పెక్కు నగరపు అంచులకు తరలింపబడినవి. మనుష్యుల కచ్చేరీలో వినువాడు లేనప్పుడు జిన్నుల కచ్చేరీ తెరువబడుట వింతకాదు. ఆ కోటలో నాకు భయము కలుగలేదు. భయపడదగినంత మంది ఆర్తులు మాత్రము కనబడినారు.

బయటికి వచ్చునపుడు మట్టిప్రమిదలు అమ్ము కుర్రవాడు, "చిరాగ్, చిరాగ్" అని కేకవేయుచుండెను. మనుమరాలు ఒక ప్రమిద కొని, తిరిగి లోపలికి పోయి వెలిగించి వచ్చినది. ఏమి కోరితివని నేనడుగలేదు.

మరునాటి తెల్లవారుజామున భాన్‌గఢ్‌కు బయలుదేరినాము. ఢిల్లీకి సుమారు 250 కిలోమీటర్లు. అల్వార్ దాటిన తరువాత ఆరావళి గుట్టలు రోడ్డునకు దగ్గరపడినవి. సజ్జచేలు కోసి కంకులు కళ్ళములకు చేర్చుచున్నారు; ఆవాలు చల్లుటకు దుక్కులు దున్నుచున్నారు. గాలిలో ఎండినగడ్డి వాసన. మా కారు నడిపినవాడు ఆ ప్రాంతమువాడే. అతడు ముందుగానే ఒక షరతు పెట్టినాడు: "సూర్యుడు గుట్ట దాటేలోగా మీరు బయటికి రావాలి. రాకపోతే నేను లోపలికి వచ్చి పిలవను." అది పరిహాసము కాదని అతని ముఖమే చెప్పినది.

సరిస్కా అడవి అంచున, మూడు ప్రక్కల గుట్టలనడుమ ఒడిలో కూర్చున్నట్లు ఉన్నది భాన్‌గఢ్. 1573 ప్రాంతమున అంబరు రాజు భగవంతదాసు దీనిని కట్టించి తన చిన్నకుమారుడు మాధోసింగుకు ఇచ్చినాడందురు. అక్బరు సేనానియైన మాన్‌సింగుకు ఈ మాధోసింగు తమ్ముడు. ద్వారము దాటగానే హనుమంతుని గుడి. పిమ్మట రాతిపలకలు పరచిన అంగడివీధి. ఇరువైపుల దుకాణములు వరుసతీరి నిలిచియున్నవి. కప్పులు లేవు, గోడలున్నవి. ప్రతి దుకాణమునకును ముందు అరుగు. ఆవల పచ్చిక, గోపీనాథుని గుడి, సోమేశ్వరుని గుడి, సోమేశ్వరుని ప్రక్కన కోనేరు. అన్నిటికి పైన, గుట్టపాదమున, పై అంతస్తులు కూలిన రాజభవనము.

దీనిని గూర్చి రెండు కథలు చెప్పుదురు. మొదటిది బాలూనాథుడను యోగి కథ. ఆయన అక్కడ తపస్సు చేసికొనుచుండగా కోటకట్టుటకు అనుమతి అడిగిరట. మీ మేడనీడ నాపై పడనంతవరకే ఊరు నిలుచునని ఆయన చెప్పెనట. తరువాతి రాజు మేడ పెంచినాడు; నీడ పడినది; ఊరు పోయినది. రెండవది రత్నావతి అను రాజకుమారి కథ. ఆమెపై మనసుపడిన ఒక మాంత్రికుడు ఆమె పూసికొను సుగంధతైలమును మంత్రించెను. ఆమె ఆ సంగతి కనిపెట్టి తైలమును ఒక బండపై పారబోసెను. ఆ బండయే దొరలిపోయి మాంత్రికుని నలిపివేసెను. చచ్చుచు అతడు ఊరిని శపించెను. గుట్టమీద కనబడు చిన్న మండపము అతనిదేనని చూపుదురు.

రాత్రివేళ లోపలికి పోరాదని పురావస్తుశాఖవారు కూడ పలక పెట్టినారు గదా, ఇంకేమి సాక్ష్యము కావలెనని పలువురు వాదింతురు. ఆ పలకను మేము నిలిచి చదివినాము. సూర్యోదయమునకు ముందు, సూర్యాస్తమయమునకు తరువాత ప్రవేశము నిషిద్ధమన్నది నిజమే. అయితే దయ్యమన్న మాట అందులో లేదు. ఆ శాఖవారి సంరక్షిత కట్టడములు దేశములో చాలవరకు ఉదయమునుండి సాయంకాలమువరకే తెరచియుండును. ఈ కోట పులులున్న అడవి అంచున ఉన్నది. అదే పలకపై పశువులను తోలరాదనియు, అక్కడి మొగలిపొదలు ప్రభుత్వపు సొత్తనియు, వానిని పాడుచేయరాదనియు ఉన్నది. దయ్యమును గూర్చి పలక మౌనము వహించి, మొగలిపూవును గూర్చి మాటాడినది. మా మనుమరాలు పకపక నవ్వినది.

ఆ నవ్వు కోనేటిమెట్లవద్ద ఆగిపోయినది. చరిత్ర గ్రంథములు చెప్పు మూడవ కథ ఆమెయే నాకు చెప్పినది. మాధోసింగు వంశము క్షీణించిన తరువాత, 1720లో జయపుర స్థాపకుడైన సవాయి జయసింగు బలప్రయోగముతో ఈ ప్రాంతమును తన రాజ్యములో కలుపుకొన్నాడు. ఊరు చిక్కిపోవుట అప్పటికే మొదలైనది. నీటి ఎద్దడి ఎప్పుడును ఉన్నదే. 1783లో గొప్ప కరువు వచ్చినది. విక్రమశకము 1840వ సంవత్సరము గనుక ఉత్తరాదివారు దానిని 'చాలీసా' అందురు, అనగా నలుబది. ఢిల్లీ, పంజాబు, రాజపుతానా, అవధ్ ప్రాంతములన్నియు ఆ కరువున మాడినవి. ఆ తరువాత భాన్‌గఢ్‌లో ఊరన్నది లేదు.

నేను మరల అంగడివీధికి వచ్చి ఒక దుకాణపు అరుగుపై కూర్చుంటిని. మాంత్రికునకు కథ ఉన్నది. రత్నావతికి కథ ఉన్నది. యోగికి గుడి ఉన్నది. ఈ అరుగుపై త్రాసుపట్టుకొని కూర్చున్నవాడు ఒక ఉదయమున త్రాసు క్రిందపెట్టి, పిల్లను చంకనెత్తుకొని ఆ ద్వారముగుండ పోయినాడే, అతనికి కథ లేదు. అతని పేరు లేదు. అతడు ఎంతదూరము నడచెనో, పిల్ల దక్కినదో లేదో చెప్పువారు లేరు. శాపము చెప్పుట సులభము; ఒక మాంత్రికునిపై నెపము వేసినచో సరిపోవును. కరువు చెప్పవలెనన్నచో గాదెలలోని ధాన్యము ఏమైనదని అడుగవలెను. చెరువు ఎందుకు పూడినదని అడుగవలెను. పాలించువారు ఏమి చేయుచుండిరని అడుగవలెను.

అప్పుడు మా అవ్వ మాట చెవిలో పడినట్లయినది: "అక్కడ ఆకలి దయ్యాలుంటాయి నాయనా."

సూర్యుడు గుట్ట దాటినాడు. నెమళ్ళు అరచినవి. కొండముచ్చులు గోడలపైకి చేరినవి. కావలివాడు ఈలవేసి అందరిని బయటికి పంపినాడు. మా డ్రైవరు ఇంజను నడిపించుకొనియే సిద్ధముగా ఉన్నాడు. వెనుకకు తిరిగి చూచితిని. త్రయోదశి చంద్రుని వెన్నెలలో ఆ వీధియంతయు తెల్లగా, ఎవరికొరకో ఎదురుచూచునట్లు ఉన్నది. భయము కలుగలేదందునా? కలిగినది. కాని అది పగటి భయము వంటిది కాదు, సిగ్గు వంటిది.

ఆ రాత్రి జయపురములో, మరునాటి రాత్రి జోధపురములో నిలిచి, పున్నమినాటికి జైసల్మేరు చేరినాము. జోధపురము దాటినకొలది చెట్లు పొట్టివగుచు, పొదలగుచు, చివరకు ఇసుకయు రాయియు మాత్రమే మిగిలినవి. జైసల్మేరుకు నైరృతిదిక్కున సుమారు 18 కిలోమీటర్ల దూరమున కుల్‌ధరా అను పాడుపడిన గ్రామమున్నది. మూడవ స్థలము అదియే.

చదునైన ఎడారినేలపై తిన్నని వీధులు. వానికిరువైపుల పసుపురంగు రాతి ఇండ్లు. కొన్నిటికి మోకాలెత్తు గోడలు, కొన్నిటికి పైకప్పులు కూడ మిగిలియున్నవి. కొలిచినవారు ఆ ఊరి పొడవు 861 మీటర్లు, వెడల్పు 261 మీటర్లనియు, ప్రధానగ్రామమున 410 కట్టడముల జాడలున్నవనియు లెక్కించినారు. నడుమ గుడి. దిగుడుబావి ఒకటి. ప్రక్కన కాక్నీ నది ఎండిన పడక.

ఇక్కడ నివసించినవారు పాలీవాల్ బ్రాహ్మణులు. పాలీ అను పట్టణమునుండి వచ్చినందున ఆ పేరు. వారు వేదము చదివినవారే కాదు, వ్యవసాయమున ఉద్దండులు. జైసల్మేరులో ఏడాది వర్షపాతము సుమారు 200 మిల్లీమీటర్లకు మించదు. కరువుసీమయని పేరుపడిన మా అనంతపురములోనే అంతకు రెండురెట్లకు పైగా కురియును. ఆ కొద్దిపాటి వానతో ఎడారిలో గోధుమ పండించినవారు పాలీవాలులు. ఎట్లనగా, రాతిమెరకలపై కురిసిన నీరు పల్లమునకు జారును. ఆ పల్లమునకు అడ్డముగా పొడవైన మట్టికట్ట వేయుదురు. నీరు కట్టవెనుక నిలిచి, మెల్లగా నేలలో ఇంకును. చలికాలము ప్రవేశించునప్పటికి పైనీరు పోయి నేల పదునుగా ఉండును. ఆ పదునులో గోధుమలు, శనగలు చల్లుదురు. మరి వాన అక్కరలేదు. దీనిని వారు 'ఖడీన్' అందురు. జైసల్మేరు ప్రాంతములో ఇట్టి కట్టలు నేటికిని పనిచేయుచున్నవి. కట్టినవారు పోయినను కట్ట నిలిచినది.

వారెందుకు పోయినారు? కథ ఇట్లున్నది. జైసల్మేరు దివాను సాలిమ్‌సింగు క్రూరుడు. పన్నులతో ప్రజలను పీడించెను. చివరకు పాలీవాలుల కన్యపై కన్నువేసెను. గడువిచ్చెను. ఎనుబదినాలుగు గ్రామముల పెద్దలు కూడి, అభిమానము కాపాడుకొనుటకు ఒక్క రాత్రిలో పొయ్యిలు ఆర్పి, ఇండ్లు విడిచి వెడలిపోయిరి. పోవుచు, ఇక్కడ మరెవ్వరును కాపురముండలేరని శపించిరి. ఆ శాపము వలననే రాత్రివేళ అడుగులచప్పుడు, ఏడుపు వినబడునందురు.

ఈ కథలో నిజమున్నది. సాలిమ్‌సింగు నిజముగా ఉండినాడు; ఆయన హవేలీ జైసల్మేరులో నేటికిని చూడవచ్చును. ఆయన దోపిడిని, దానివలన పాలీవాలులు దేశము విడుచుటను ఆనాటి ఆంగ్ల అధికారి జేమ్స్ టాడ్ తన గ్రంథములో వ్రాసినాడు. కాని ఒక్క రాత్రి అన్నది మాత్రము నిలువదు. 1815 నాటికే ఆ ఊరి బావులు చాలవరకు ఎండిపోయినవని పరిశోధకులందురు. 1850 నాటికి దిగుడుబావియు, మరి రెండు లోతుబావులు మాత్రమే నీరిచ్చెడివట. ఒకప్పుడు వేయిన్నర మంది ఉండినారని అంచనావేసిన ఊరిలో 1890 నాటికిని ముప్పదియేడుగురు మిగిలియుండిరి. కూలిన కప్పుల తీరును చూచి, భూకంపము కూడ కారణము కావచ్చునని 2017లో కొందరు భూవిజ్ఞానులు అభిప్రాయపడినారు.

కనుక ఊరు ఒక్క రాత్రిలో చచ్చిపోలేదు. ఒక బావి ఎండినది. ఒక కుటుంబము పోయినది. శిస్తు పెరిగినది; మరి పది కుటుంబములు పోయినవి. ముసలివారు కొందరు ఉండిపోయినారు. వారును పోయిన తరువాత ఊరు పోయినదని లోకమునకు తెలిసినది. ఒక్క రాత్రి కథ వినుటకు బాగుండును. నెమ్మదిగా చచ్చిన ఊరి కథ వినుటకు బాగుండదు. ఎందుకనగా అది మన కన్నుల ముందు జరుగుచున్నను మనకు కనబడదు.

అక్కడ ఒక వృద్ధుడు కర్ర ఊతగా కూర్చుండెను. ప్రక్క ఊరివాడు, యాత్రికులకు దారిచూపువాడు. "దయ్యాన్ని ఎప్పుడైనా చూశారా?" అని మనుమరాలు అడిగినది. ఆయన చాలసేపు ఆలోచించి, "నీళ్ళు లేని చోట దయ్యం మాత్రం ఎన్నాళ్ళుంటుందమ్మా?" అన్నాడు. తరువాత చేయి చాచి ఎడారినంతటిని చూపి, ఇట్టివి ఇంకను ఎన్నో ఉన్నవని చెప్పుచు, హిందీలో ఒక మాట అన్నాడు: "అన్నీ బేచిరాగ్ అయిపోయాయి."

ఆ మాట విని నేను ఉలికిపడితిని.

శ్రోతలారా, మన రెవెన్యూ లెక్కలలో 'బేచిరాకు గ్రామము' అను మాట ఉన్నది. జనము లేని గ్రామమని దానికి అర్థము. సరిహద్దులు ఉండును, సర్వే నంబర్లు ఉండును, పొలములు సాగులో ఉండును; మనిషి మాత్రము కాపురముండడు. ఆ మాటను నా ఉద్యోగకాలములో ఎన్నిమార్లు వ్రాసితినో లెక్కలేదు. మా పాటిదిబ్బ ఉన్న గ్రామమునకు ఎదుట కూడ నా చేతితోనే వ్రాసితిని. అది ఒక గడిలో నింపవలసిన మాట, అంతే. దానికి అర్థమేమని ఒక్కమారును ఆలోచింపలేదు. కోట్లా ద్వారమువద్ద ప్రమిదలమ్ము కుర్రవాని కేక అప్పుడు గుర్తునకు వచ్చినది. చిరాగ్ అనగా దీపము. బే అనగా లేనిది. పారసీకమునుండి దివాణపు భాషలోనికి, అక్కడినుండి మన కరణముల లెక్కలలోనికి వచ్చిన మాట అది. బేచిరాకు గ్రామమనగా దీపము లేని ఊరు.

లెక్కలు వ్రాసిన గుమాస్తా ఎవడో, మొదట ఆ పేరు పెట్టినవాడు, కవి కాకపోయినను మనిషి. జనము లేరని వ్రాయలేదు. దీపము లేదని వ్రాసినాడు. సాయంకాలము దూరమునుండి చూచినప్పుడు ఊరున్నదో లేదో తెలియుట దీపమువలననే గదా! శరత్పూర్ణిమ వెన్నెలలో ఆ నాలుగువందల ఇండ్లలో ఒక్కదానిలోను దీపము లేకుండుట చూచి మేమిద్దరము మాటలాడక తిరిగివచ్చినాము.

దీపావళి గడచిన తరువాత నేను మా ఊరికి పోయితిని. మా పెదనాన్నగారి కుమారుడు, ఎనుబది దాటినవాడు, ఇంకను అక్కడనే ఉన్నాడు. "అన్నా, పడమటి దిబ్బ సంగతి నీకేమైనా తెలుసా?" అని అడిగితిని. ఆయన నావంక వింతగా చూచి, "నీకు తెలియదా? అది మన అవ్వ తల్లి పుట్టిన ఊరు" అన్నాడు.

1876 మొదలు 1878 వరకు మన సీమను ఊడ్చివేసినది ధాత కరువు. అప్పటికి అనంతపురము జిల్లా ఏర్పడలేదు. 1882లో గాని ఏర్పడలేదు. మా ప్రాంతమంతయు బళ్ళారి జిల్లాలో ఉండినది. ఆ కరువులో ఆ ఊరివారు కొందరు గంజికేంద్రములకు పోవుచు దారిలోనే పడిపోయినారట. కొందరు ఇండ్లలోనే పోయినారట. ఎనిమిదేండ్ల ఆడపిల్ల ఒకతె మాత్రము కోసెడు దూరము నడచి మా ఊరికి వచ్చి ఒక ఇంటి గడపలో కూలబడినదట. ఆమె మా అవ్వ తల్లి. ఆ గడప మాది కాదు. కాని ఆ గడపవారు పెట్టిన ముద్దవలననే మేమందరము ఉన్నాము.

మా అవ్వ చెప్పిన ఆకలి దయ్యములు దయ్యములు కావు. ఆమె తాతలు, మేనమామలు, పినతల్లులు. పేర్లు తెలియని బంధువులు. వారికి శ్రాద్ధము పెట్టుటకు తిథి తెలియదు, గోత్రము చెప్పువాడు లేడు. అందుచేత ఆమె ప్రతి రాత్రియు ఒక ముద్ద తీసి గోడపై పెట్టినది. పిల్లలు భయపడకుండునట్లు కాదు, భయపడునట్లే ఆ కథ చెప్పినది; ఎందుకనగా భయపడినదానిని మనము మరువము. చరిత్రగా చెప్పినచో మేము విని ఊరకుందుము. దయ్యముగా చెప్పినది కనుక డెబ్బది ఏండ్లు మోసితిమి.

దయ్యము కథలను నేను పరిహసింపను, నమ్మను. అవి అర్థము కాని శాసనములవంటివి. ఆ స్తంభముపై వ్రాత చదువు వచ్చువరకు దానిని ఏదో వింతయని చూచినారు. చదువు వచ్చిన తరువాత అందులో చెట్లు, బావులు, బాటసారులు ఉన్నట్లు తెలిసినది. పాడుపడిన ఊరి కథను కూడ మనము చదువవలెను. శాపమన్నచోట కరువు ఉన్నదేమో, మాంత్రికుడన్నచోట శిస్తు ఉన్నదేమో, ఏడుపు అన్నచోట పూడిన బావి ఉన్నదేమో చూడవలెను.

ఈ చదువు పోయినవారి కొరకు మాత్రమే కాదు. మా సీమలో బోరుబావులు ఎండి, పనులకై బెంగుళూరికి పోయినవారి ఇండ్లకు తాళములు పడియున్నవి. పాలమూరునుండి వలసపోయినవారి సంగతి మీరెరుగుదురు. పల్లెలో ఒక వీధిలో సాయంకాలము పది దీపములు వెలుగవలసినచోట మూడు వెలుగుచున్నప్పుడు, అది కుల్‌ధరా కథలోని నడిమి అధ్యాయమని మనము గుర్తించవలెను. చివరి అధ్యాయమున దయ్యములు వచ్చును. అప్పుడు చేయగలిగినదేమియు ఉండదు. నడిమి అధ్యాయమున చెరువు పూడిక తీయవచ్చును, కట్ట వేయవచ్చును, నీరు ఇంకించవచ్చును.

కార్తీకపౌర్ణమినాడు దీపాలవేళ దాటిన తరువాత నేనును, మా అన్నయు పాటిదిబ్బకు పోయినాము. జీవితములో మొదటిసారి ఆ వేళకు అక్కడ అడుగుపెట్టితిమి. కూలిన గుడిగోడపై ఒక అన్నపుముద్ద పెట్టి, ప్రక్కన ప్రమిద వెలిగించినాము. మా అన్నకు మోకాళ్ళ నొప్పి, ఎక్కువసేపు నిలువలేకపోయినాడు. తిరిగివచ్చుచు ఊరి చెరువుకట్టపై నిలిచి చూచితిమి. దీపము ఇంకను కనబడుచున్నది.

మీ ఊరి పొలిమేరలో కూడ ఒక పాటిదిబ్బ ఉండకపోదు. దానిని గూర్చి ఒక దయ్యము కథయు ఉండకపోదు. ఇంటిలో పెద్దవారున్నచో ఈ రాత్రియే అడుగుడు. అడుగువారు లేకయే చాల కథలు వారితోపాటు పోవుచున్నవి.